కిరాయికి వచ్చినవా?

శంషాబాద్ అంటే విమానం ఎక్కే చోటని మా కోనసీమ వాళ్ళందరి లెక్క. ఎవరైనా అక్కడికి వెళ్ళొచ్చారంటే "ఎవరిని ఎక్కించారు? ఎవరిని దింపుకొచ్చారు?" అని అడుగుతారు. నేను ఎవరినీ ఎక్కించలేదు, దింపలేదు. యాభై ఏడేళ్ళ వయసులో రెండు గదుల ఇల్లు అద్దెకు వెతుక్కోవడానికి వెళ్ళి వచ్చాను.

ఎందుకు వెళ్ళానో ముందే చెప్పడం మర్యాద. మా తాత మునసబు. ఆ ఉద్యోగాన్ని ప్రభుత్వం తీసేసినా జనం మా ఇంటిని మునసబుగారిల్లు అనే అన్నారు. ఆ పేరు నిలబెట్టడానికి మా నాన్న, ఆయన తరవాత నేను, చెయ్యగలిగిందంతా చేశాం. ఎకరం తరవాత ఎకరం పోయింది. కిందటి వేసవిలో ఇల్లూ పోయింది. అప్పటి నుంచి నేనూ నా భార్య సుభద్రా రావులపాలెంలో ఆమె అన్నగారింట్లో ఉంటున్నాం. బావగారు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఆ ఇంట్లో ముద్ద దిగడం లేదు. సుభద్ర పుట్టిన ఇల్లే అది. కానీ ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, ఇవాళ ఏం వండమంటారని వదినగారిని అడిగి పొయ్యి వెలిగిస్తోంది. "మనదంటూ ఒక పొయ్యి చూసి వస్తాను" అని ఆమెకు చెప్పి బయలుదేరాను.

మా పక్క ఊరివాడు ప్రసాదు, విమానాశ్రయం చుట్టుపక్కల విల్లాల కాలనీలకు మనుషుల్ని కుదురుస్తుంటాడు. మంఖాల్ దగ్గర ఒక కాలనీలో, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు పుస్తకంలో రాసే పని ఉందన్నాడు. "సోమవారం చేరాలండి. దగ్గర్లో కాపురం ఉండేవాళ్ళకే ఇస్తారండి. ముందు ఇల్లు చూసుకుని నా దగ్గరికి రండి" అన్నాడు. అలాంటి పని మా ఊరి రొయ్యల చెరువుల దగ్గరా ఉంది. అక్కడ నేను చెయ్యను. చెయ్యలేను.

ఆరాంఘర్

గురువారం ఉదయం ఎల్బీనగర్‌లో దిగి, సిటీ బస్సులో ఆరాంఘర్ చేరాను. ఆరాంఘర్ అంటే విశ్రాంతి తీసుకునే ఇల్లని అర్థమట. నేను చూసినంతలో అక్కడ విశ్రాంతిగా ఉన్నది ట్రాఫిక్ పోలీసు గొడుగొక్కటే. దాని కింద పోలీసు లేడు.

కాఫీ అడిగితే హోటలువాడు నన్ను జాలిగా చూసి చాయ్ పెట్టాడు. ఇరవై రూపాయలు. మా వైపు అతిథికి గ్లాసు నిండా పొయ్యకపోతే అవమానం. ఇక్కడ మూడు గుక్కల కప్పు, అందులోనూ అర గుక్క పంచదార. అయినా పక్కవాళ్ళు దాన్ని పావుగంట సేపు తాగుతున్నారు. ఆ ఓపిక నాకు నచ్చింది.

హోటలు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో మంచం, కూలరు, గ్యాసు పొయ్యి, మూటలు, పైన చీపురు. చీపురు కూడా పట్టుకెళ్తున్నారంటే మళ్ళీ వచ్చే ఉద్దేశం లేదన్న మాట. సామాను యజమాని ముప్పై అయిదేళ్ళవాడు, చాయ్ తాగుతున్నాడు. ఆయన భార్య ఆటోలో ఒళ్ళో అద్దం పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కడికి బాబూ?" అన్నాను.

"ఊరికి పోతున్నం సార్, జడ్చర్ల దిక్కు. మైలార్‌దేవ్‌పల్లిల పదకొండేండ్లున్నం."

"మరి ఇప్పుడెందుకు?"

"పట్నం మాకు అందుతలేదు సార్. మేం ఎంత ఎగిరితే గది గంత పైకి పోతున్నది."

ఆటోలోంచి ఆమె అడిగింది: "నువ్వేడికొచ్చినవ్ పెద్దాయనా?"

"ఇల్లు చూసుకోవడానికమ్మా."

ఆమె అద్దం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మా అర్ర ఖాళీగనే ఉన్నది. పో, దిగు. నీళ్ళు రెండు దినాలకోపాలి వస్తయి, ఎలుకలు రోజూ వస్తయి."

పెద్దవాణ్ణి పట్టుకుని 'నువ్వు' అనడం, 'పో' అనడం నాకు నచ్చలేదు. ఇక్కడ అందరూ అలాగే అంటారని, అందులో తేలిక చేయడం లేదని తరవాత తెలిసింది. అప్పటికి తెలియదు. శంషాబాద్ బస్సులో ఒక అమ్మాయి లేచి "కూసోండి తాతా" అంటే ఆ కోపం ఆ పిల్ల మీద చూపించి, దారి పొడుగునా కడ్డీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాను. ఆ సీటులో ఇంకెవరో కూర్చున్నారు.

మంఖాల్

శంషాబాద్ నుంచి మంఖాల్ వెళ్ళే దారిలో ఊళ్ళ కన్న ప్రహరీ గోడలు ఎక్కువ. గోడ అయిపోగానే రాళ్ళు పాతిన ప్లాట్లు, ప్లాట్లు అయిపోగానే మళ్ళీ గోడ. మధ్య మధ్య నాలుగు గేదెలు, ఎవరిదో తెలియని గడ్డిలో. విమానాలు ఎంత కిందుగా వెళ్తాయంటే వాటి పొట్ట మీద అక్షరాలు చదవచ్చు. మొదటిది వెళ్ళినప్పుడు తల వంచాను. ఆటోలో ఎవరూ వంచలేదు. రెండోదానికి నేనూ వంచలేదు.

ఊళ్ళో మూడో సందులో ఒక ఇంటి గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. గడప ముందు ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అరవై దగ్గర పడిన మనిషి. పేరు నర్సమ్మ అని మర్నాడు తెలిసింది. నన్నూ, నా గొడుగునూ చూసి, చేతిలో కాయ విరుస్తూనే అడిగింది:

"కిరాయికి వచ్చినవా అన్నా?"

మా వైపు కిరాయి అంటే బండికి ఇచ్చేది. ఆ మాట మనిషికి తగిలిస్తే వేరే అర్థం. చేతిలో డబ్బు పెడితే కర్ర పట్టుకుని ఎవరి గట్టు మీదికైనా వచ్చేవాణ్ణి, కోర్టులో చూడనిది చూశానని చెప్పేవాణ్ణి కిరాయి మనిషి అంటాం. మా తాత నోట అంతకన్న పెద్ద తిట్టు లేదు. పైగా నేను వెళ్ళింది గేటు దగ్గర పనికి. తగలవలసిన చోటే తగిలింది.

"ఏమన్నావమ్మా?" అన్నాను.

"కిరాయికేనా అంటున్న. గట్లైతే లోపలికి రా, సూద్దువు."

"నేను కిరాయికి వచ్చే మనిషిలా కనబడుతున్నానా నీకు?"

ఆమె నా చెప్పుల దగ్గర నుంచి పైకి చూసింది. "కనవడుడేంది? కిరాయికైతే కిరాయికను, కాకుంటే కాదను. గింత కోపమెందుకే?"

"మా ఇంటా వంటా లేదు ఆ బతుకు!"

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఓ అయ్యా! ఈయన కిరాయికి గాదంట! ఊకనే సూసి పోనీకొచ్చిండంట!"

లోపలి నుంచి మగ గొంతు: "బ్రోకరేమో! పొమ్మను!"

వచ్చేశాను. ఎండలో రోడ్డు దాకా నడుస్తుంటే కుడి చెప్పు తెగింది. చెప్పు చేత పట్టుకుని నడవడం మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. తెగిన చెప్పును కాలితోనే ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఆ సాయంత్రం దాకా ఇంకో ఆరు ఇళ్ళు చూశాను. రెండింట్లో కుటుంబాలకు ఇవ్వం అన్నారు. డ్రైవర్లయితే ఒక గదిలో ఆరుగురు ఉంటారు, తలకింత అని తీసుకోవచ్చునట. మిగిలిన నాలుగూ సుభద్రను తీసుకురాగలిగిన ఇళ్ళు కావు.

శంషాబాద్ బజారులో ఇడ్లీ బండి

సాయంత్రం బజారులో ఒక టిఫిను బండి దగ్గర ఆగాను. ప్లేటు నలభై. పల్లీ చట్నీ మా వైపు చట్నీలాగే ఉంది. బండి ఆవిడ నా మాట వినగానే గరిటె ఆపింది.

"మీరు గోదావరి జిల్లాల వారాండీ? మాది గుడివాడ పక్కనండి. వెంకటలక్ష్మి అంటారండి నన్ను."

సొంత మనిషి కనబడినట్టయింది. పొద్దున జరిగిన అవమానం చెప్పాను. చెప్పడం పూర్తి కాకుండానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, కిరాయంటే ఇక్కడ అద్దె అండి! అద్దె ఇల్లు కావాలా అని అడిగిందండి పాపం."

"అద్దె ఇంటికి కిరాయేమిటి?"

"మీరు మాత్రం కిరాయికి వచ్చినవారే కదండీ," అని ఇంకా నవ్వింది. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను.

ఆవిడ ఎందుకు వచ్చిందో కూడా చెప్పింది. నేను అడగలేదు. పెనం మీద దోసె తిప్పుతూ తనే చెప్పింది. "అక్కడ సెంటర్లో బండి పెడదామంటే మా మావగారు విషం తాగుతానన్నారండి, పరువు పోద్దని. ఇక్కడ పెట్టి తొమ్మిదేళ్ళండి. ఆయన నెలకోసారి వచ్చి నాలుగిడ్లీలు తిని, మా కోడలు హైదరాబాద్‌లో హోటల్లో పని మీద ఉందని ఊళ్ళో చెప్పుకుంటారండి. అక్కడితో పోలిస్తే ఇక్కడ ఏమీ మిగలదండి. కాకపోతే ఇక్కడ మనల్నెవరూ ఎరగరు."

జీతం కోసం పట్నాలకు వెళ్తారని, ఖర్చు భరించలేక వెళ్ళిపోతారని చదువుకున్నవాళ్ళు రాస్తారు. నిజమే కావచ్చు. నేను వెళ్ళింది మాత్రం ఆ ఇడ్లీ బండావిడ చెప్పిన కారణానికే. మనల్ని ఎరిగినవాళ్ళ ముందు చెయ్యలేని పని చేసుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటుకే అంత అద్దె.

విల్లాల గేటు

శుక్రవారం ఉదయం చెప్పు కుట్టించుకుని ప్రసాదు దగ్గరికి వెళ్ళాను. కాలనీ గేటు మా పాత ఇంటి ఎత్తు ఉంది. ప్రసాదు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. వాళ్ళ నాన్న మా నాన్నను చూసి చేతి కర్ర చంకలో పెట్టుకునేవాడట, అదీ గుర్తు చేశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు:

"కుర్చీ ఉంటుందండి, కానీ బండి వచ్చినప్పుడు లేవాలండి. లేచి, చెయ్యి ఇలా..." అని తన చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్ళి, నా ముఖం చూసి, ఆ చేత్తోనే జుట్టు సర్దుకున్నాడు.

"రాసే పనన్నావు."

"రాయాలి కూడానండి."

సుభద్ర గుమ్మంలో నిలబడే తీరు గుర్తొచ్చింది. "సరే" అన్నాను.

అతను ఒక పాలిథీన్ కవరు ఇచ్చాడు. లోపల నీలం చొక్కా, టోపీ. "కొత్తవి వచ్చేదాకా ఇవి వేసుకోండి. ముందు చేసినాయన వాపసు ఇచ్చినవి. ఉతికినవేనండి. ఇల్లు కుదరగానే ఫోన్ చెయ్యండి." చొక్కా కాలరు వెనక చిరిగితే ఎవరో ఆకుపచ్చ దారంతో చిన్న చిన్న కుట్లు వేశారు. నీలం దారం దొరకలేదు కాబోలు అనుకున్నాను.

మళ్ళీ ఆ ఇంటికి

అక్కడి నుంచి నర్సమ్మ ఇల్లు నడిచి వెళ్ళేంత దూరం. ఈసారి నేనే ముందు అన్నాను: "అమ్మా, కిరాయికే వచ్చాను."

ఆ మాట నోట్లోంచి రావడానికి గేటు దగ్గర కాసేపు నిలబడవలసి వచ్చింది. ఆమె పకపకా నవ్వింది.

"నిన్న గాదంటివి! ఒక్క దినంల కిరాయికయినవా? ఓ అయ్యా, నిన్నటి గొడుగాయన మల్లొచ్చిండు!"

ఆమె భర్త మల్లయ్య బయటికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇల్లు చూపించాడు. రెండు గదులు, వంటిల్లు. వంటింటికి తూర్పున కిటికీ. పొయ్యి గట్టు మీద నల్లరాయి చల్లగా ఉంది. విమానం వెళ్తే చిలక్కొయ్యకున్న గరిటెలు సన్నగా మోగాయి. సుభద్ర ఆ మోతకి మొదటి వారం భయపడి, తరవాత ఎవరైనా భయపడితే నవ్వుతుందని అనుకున్నాను. అలా రేపటి గురించి అనుకుని చాలా నెలలైంది. కిరాయి ఏడు వేలు. తామిద్దరూ ఆ మర్నాడే కల్వకుర్తి దిక్కు వెళ్ళిపోతున్నామని, సోమవారానికల్లా దిగమని చెప్పాడు.

చాయ్ ఇస్తూ నర్సమ్మ మా ఊరూ పేరూ అడిగింది. మా తాత మునసబు అని చెప్పాను.

"అంటే మాలీపటేల్ అన్నట్టు," అని మల్లయ్య తల ఊపాడు. "జర మంచిగ కూసో పటేలా. పనేంది మరి ఈడ?"

అక్కడితో ఆగి నిజం చెప్పి ఉంటే ఈ కథనం ఉండేది కాదు. పటేలా అని పిలిచిన మనిషికి గేటు అని చెప్పలేకపోయాను.

"ఆ విల్లాల్లో మేనేజర్ని," అన్నాను.

నర్సమ్మ కప్పు పెట్టడానికి నా పక్కనున్న కవరు జరిపింది. చొక్కా కాలరు పైకి వచ్చింది. ఆమె వంగి దాన్ని రెండు వేళ్ళతో తడిమింది.

"ఏందయ్యా, గిది నీ అంగీ గాదా? నేనే కుడితి గద, పచ్చ దారంతోని!"

"ఊకో," అన్నాడు మల్లయ్య.

ఒక విమానం వెళ్ళింది. అది పూర్తిగా వెళ్ళేదాకా ఆగి, నన్ను చూడకుండా గోడ వైపు చూస్తూ ఆయన చెప్పాడు.

"గా విల్లాలున్న కాడ ద్రాక్షతోట ఉండె పటేలా. మాదే. అమ్ముకున్న. వచ్చిన పైసలు ఎట్లొచ్చినయో గట్లనే పోయినయి. ఇగ గా గేటు కాడనే నిలవడ్డ, మూడు నెలలు. మా ఊరోళ్ళు, సుట్టాలు కార్లల్ల పోతుంటరు గద. నన్ను సూసి అద్దం పైకి లేపుతరు. మంచోళ్ళే. నాకు నామోషీ అయితదని సూడనట్టు పోతరు. తిట్టినా ఓర్సుకుందును, గది ఓర్సుకోలేకపోయిన."

"కల్వకుర్తిలో ఏం చేస్తారు?" అన్నాను.

"గదే పని. ఎవలదో తోటకు కావలి. కానీ ఆడ నేనెవలో ఎవలకెరుక లేదు." ఇప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వు చేస్కో పటేలా. నీకేమైతది? నిన్నీడ ఎవలెరుగరు. మేం ఎవలకు చెప్పం."

ఎగతాళి చేస్తాడేమోనని ఆయన ముఖం వెతికాను. లేదు. చేసి ఉంటే కోప్పడి, కోపం దిగాక సోమవారం ఆ ఇంట్లో దిగేవాణ్ణేమో. ఎవరికీ చెప్పం అన్నాడు. మా బావగారి మౌనం లాంటిదే అది. నన్నెవరూ ఎరగని చోటు కోసం అంత దూరం వెళ్ళి, ఆ ఊరు మొత్తానికి నన్ను ఎరగగలిగిన ఇద్దరున్న ఇంటి తలుపే తట్టాను.

"ఆలోచించుకుని చెబుతాను," అని లేచాను.

"చాయన్న తాగు అన్నా," అంది నర్సమ్మ. తాగలేదు. వాళ్ళింట అలా లేచిపోవడం ఎంత తప్పో నాకు తెలుసు. మా ఇంటా అంతే తప్పు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా ప్రసాదు ఫోన్ చేశాడు. "ఇల్లు కుదిరిందాండీ? ఇంకొకతను వచ్చి కూర్చున్నాడండి, దగ్గరి ఊరే. ఏం చెప్పమంటారు?"

"అతనికే ఇవ్వు," అన్నాను, నాలుగెకరాలు దానం చేస్తున్నవాడిలా. చొక్కా సంగతి అతను అడగలేదు. నాకూ గుర్తు రాలేదు.

రావులపాలెం

శనివారం పొద్దున ఇంటికి చేరాను. సుభద్ర కాళ్ళకు నీళ్ళిస్తూ "ఇల్లు ఎలా ఉందండీ?" అంది. దొరికిందా అని కాదు, ఎలా ఉందని. రెండు గదులని చెప్పాను. వంటింటికి తూర్పు కిటికీ అని, విమానం వెళ్తే గరిటెలు మోగుతాయని చెప్పాను. చెప్పిందంతా నిజమే. మిగిలింది చెప్పేలోగా ఆమె నా సంచీ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేసరికి చేతిలో నీలం చొక్కా ఉంది. నా వెనక నిలబడి దాన్ని నా భుజాలకు ఆనించి చూసింది.

"సరిపోతుంది. కాలరు ఎవరో చక్కగా కుట్టారు. గేటు దగ్గర నిలబడే పనా?"

"నిలబడే పనే."

"మీకు నిలబడ్డం అలవాటే," అంది. నవ్వుతోంది. ముప్పై ఏళ్ళుగా నేను దాచుకుంటూ వచ్చిన పరువును ఆమె ఏనాడో వదిలేసిందని అప్పుడు తెలిసింది.

చొక్కా ఉతికి పెరట్లో కాకుండా వీధి వైపు దండెం మీద ఆరేసింది. అక్కడ ఎండ బాగా వస్తుందట. వదినగారు అది ఎవరిదని అడిగితే, "మీ తమ్ముడిదే వదినా. సోమవారం నుంచి ఉద్యోగం," అంది. ఈ ఇంటికి వచ్చాక ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. బావగారు పేపరు దించి మొదటిసారి నన్ను ఒక ప్రశ్న అడిగారు: జీతమెంత అని కాదు, అక్కడ నీళ్ళు బాగుంటాయా అని. బాగుంటాయన్నాను.

ఇవాళ ఆదివారం. వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. చొక్కా ఇస్త్రీ అయి కుర్చీ వీపు మీద ఉంది. లోపల సుభద్ర రెండు కంచాలు, ఒక మూకుడు, అట్లకాడ పాత చీరలో మూట కడుతోంది. ఇందాక చీపురు కూడా అడిగి తీసుకుంది.

"బస్సు ఎన్నింటికండీ?" అని లోపలి నుంచి అడిగింది. రాయడం అయ్యాక చెబుతానన్నాను.

రాయడం అయిపోయింది.